పదేళ్ళ పూస

మా షెడ్డులో పాత ఫోన్లూ కంప్యూటర్లూ విప్పి, వాటి బోర్డుల మీది బంగారు పూతని యాసిడ్‌లో కరిగించి తీస్తాం. బంగారం అనగానే కళ్ళు పెద్దవి చేయకండి. బస్తాడు బోర్డులు ఊడబీకితే చీమ తలకాయంత వస్తుంది. ఆ చీమ తలకాయ కోసం పదేళ్ళుగా దగ్గుతున్నాను.

వచ్చే నెలకి ఆ పదేళ్ళూ నిండుతాయి. నిండితే ఉద్యోగం పర్మనెంటు. నిండాయన్న రుజువు గోడ మీది హాజరు మిషన్‌లో ఉంది. యాసిడ్‌కి నా వేలిగీతలు అరిగిపోయాయి కదా, రోజూ పొద్దున్నే నాలుగైదుసార్లు నొక్కితే గానీ అది నన్ను ఒప్పుకునేది కాదు. మా అత్తగారు కూడా అంత సతాయించలేదు. అయినా దణ్ణం పెట్టుకుని మరీ నొక్కేదాన్ని.

మా సూపర్‌వైజర్‌ని ఇంకొంచెం సారు అంటాం. ఎంత తీసినా ఆయన నోట వచ్చే మాట అదే. ఈసారి పెద్దాఫీసరు చూడ్డానికి వస్తున్నాడని, కందిగింజంత బంగారు పూస చూపించి తీరాలని పట్టుబట్టాడు. మా దగ్గర పోగైంది ఆవగింజంత. దాంతో ఆఫీసులో నడుస్తున్న రెండు కంప్యూటర్లూ మోసుకొచ్చి మా ముందు పడేశాడు.

"ఇవి బాగానే ఉన్నాయి కదా సార్," అంది పక్క బల్ల దగ్గర పనిచేసే మా తోడికోడలు.

"బంగారం కన్నా బాగుంటాయా? కానివ్వండి, ఇంకొంచెం."

అప్పటికీ కొద్దిలో తక్కువైంది. ఆఫీసరు వచ్చే ముందురోజు సారు పైతొడుగు తీసేసిన చిన్న బోర్డొకటి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

"అక్కా, దీని అంచులు చూడు, ఎంత పచ్చగా ఉన్నాయో," అన్నాను తోడికోడలితో. ఒక్క తునక పోకుండా పీకి యాసిడ్‌లో వేశాను. సాయంత్రానికి కందిగింజ తయారైంది. సిగ్గులేకుండా నేనూ చప్పట్లు కొట్టాను.

మర్నాడు వేలు తుడుచుకుని గోడ దగ్గరికెళ్తే నాలుగు స్క్రూ కంతలు కనిపించాయి.

"సార్, హాజరు మిషనేది?"

"నిన్న నువ్వే కదా విప్పావు," అన్నాడు సారు, పూసని అద్దాల పెట్టెలో సర్దుతూ.

"మరి నా పదేళ్ళు?"

"ఆఫీసు కంప్యూటర్లో ఉంటాయిలే," అని నాలుక్కరుచుకున్నాడు. నా చేతులు పడిపోను, అవీ నేనే పీకాను.

ఆఫీసరు వచ్చి పూసని చూసి మురిసిపోయాడు. తోడికోడలు వెనకనించి పొడిస్తే ముందుకెళ్ళి నా గోడు చెప్పుకున్నాను.

"రికార్డు లేకపోతే నేనేం చేయనమ్మా? కొత్త మిషన్ పంపిస్తాం. రేపట్నించి మళ్ళీ మొదలెట్టు," అన్నాడు, ఎంతో దయగా.

పెట్టె మూత తీసి, పూస మీద బొటనవేలు నొక్కి పెట్టాను.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు ఇంకొంచెం సారు.

"హాజరేస్తున్నా సార్. మొదటిసారికే తీసుకుంది."