బతికున్న మనిషికి రొట్టె

చనిపోయినవాళ్ల పండగ వస్తోందంటే మా బడిలో పుస్తకాలు మూసేస్తాం. పిల్లలే పిండి పిసికి, తమ ఇళ్లలో పోయినవాళ్ల కోసం బొమ్మ రొట్టెలు చేసి, బడి వెనక మట్టి పొయ్యిలో కాలుస్తారు. పొత్తిగుడ్డల్లో చుట్టిన పసిపాప ఆకారం, దానికి రంగులు వేసిన మట్టి ముఖం, పక్కన ఆత్మ దిగిరావడానికి పిండితోనే ఒక నిచ్చెన. పాఠం మొదలెట్టగానే ఆవలించే వెధవలు ఆ రోజు ఇంటికి పొమ్మన్నా పోరు.

ఆ ఏడు యెసికా చేసిన ముఖం చూసి దగ్గరికి వంగాను. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. అది వాళ్లమ్మ నియెవెస్ ముఖం. మా ఊరి ఆడవాళ్లలో సగంమంది లాగే నియెవెస్ కూడా సరిహద్దు దాటి బ్రెజిల్‌లో బట్టలు కుట్టడానికి వెళ్లింది. కార్నివాల్ పండగ అయ్యాక, ఎనిమిది నెలలుగా ఆమె దగ్గర్నుంచి ఫోన్ లేదు. అంతేగాని, చచ్చిపోయిందని ఎవరూ చెప్పలేదు.

"ఏయ్, మీ అమ్మని నువ్వే చంపేస్తున్నావే!" అని పక్కనున్న రోహెర్ అరిచాడు.

"నోర్ముయ్‌రా!" అన్నాను గానీ నాకూ అదే భయం. బతికున్న మనిషికి ఈ రొట్టె చేయడం మా ఊళ్లో ఎవరూ ఎరగరు. "ఎందుకు చేశావే తల్లీ?"

యెసికా తల ఎత్తలేదు. నిచ్చెనకి మెట్లు అతికిస్తోంది. "ఫోన్ చేస్తే ఎత్తట్లేదు టీచరమ్మా. ఈ రొట్టె చేసి పిలిస్తే ఎవరైనా వస్తారన్నారుగా."

ఆ పిండిని ముద్ద చేసేద్దామని చెయ్యి చాచాను. ఆ ముఖం మీద వేలు పెట్టలేకపోయాను. నేను చూస్తుండగానే అది పొయ్యిలోకి వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే యెసికా అమ్మమ్మ ప్రిమితీవా నాకు కబురు పెట్టింది. వెళ్లి చూస్తే బల్ల మీద నల్లగుడ్డ, చెరుకుగడలు, పోయిన తన మొగుడికి ఉడికించిన బంగాళాదుంపలు. వాటి పక్కనే కూతురు నియెవెస్ రొట్టె.

"ఇదేం పనమ్మా పంతులమ్మా? పిల్లదానికి తెలీదు, నీకూ తెలీదూ? విరగ్గొట్టెయ్!"

"విరగ్గొడితే ఇంకా కీడేమో అవ్వా."

ఇద్దరం చెయ్యి వేయడానికి జంకాం. పోయినవాళ్లు మధ్యాహ్నం గంట కొట్టగానే ఈగ రూపంలో వస్తారు. అందుకే ఆ రోజు మేమెవరం ఈగని కొట్టం. ఎవరి రొట్టె మీదో, ఎవరికి పెట్టిన తిండి మీదో వాలితే వాళ్లు వచ్చినట్టు. నియెవెస్ రొట్టె మీద వాలిందంటే ఇక ఆమె పోయినట్టే.

ముగ్గురం బల్ల ముందు కూర్చున్నాం. మధ్యాహ్నం చర్చి గంట మోగింది. తెరిచిన తలుపులోంచి ఒక ఈగ లోపలికొచ్చి బంగాళాదుంపల మీద వాలింది.

"వచ్చావా ముసలోడా, తిను" అని గొణిగింది అవ్వ.

ఈగ మళ్లీ లేచింది. పుట్టుమచ్చ ముఖం చుట్టూ తిరిగింది. ప్రాణమున్న దేన్నీ నేను అంతగా అసహ్యించుకోలేదు. అవ్వ గోళ్లు నా మణికట్టులో దిగాయి. యెసికా మాత్రం ముందుకు వంగింది.

"రామ్మా" అని గుసగుసగా పిలిచింది. "ఒక్కసారి దిగమ్మా."

ఈగ నిచ్చెన మీదుగా వెళ్లి, వాలకుండానే, వచ్చిన దారినే బయటికి పోయింది.

అవ్వ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. "రాలేదు! నా బిడ్డ రాలేదే! బతికే ఉందే!" అంటూ మనవరాలిని పట్టుకుని ఊపేసింది. నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

యెసికా తలుపు వైపే చూస్తోంది.

"బతికే ఉంటే ఎందుకు రాలేదు టీచరమ్మా?"

అవ్వ నవ్వు ఆగిపోయింది. పొద్దు వాలి చలిగాలి కోస్తున్నా, ఈగ మళ్లీ వస్తుందేమోనని ఆ పిల్ల మమ్మల్ని తలుపు వేయనివ్వలేదు.