ఏడ నొక్కినా ఆయనే

వెంకటపతి పోయి వేసవి దాటి వానలు పడుతున్నా చింతాద్రిపేటలోని ఆ ఇంట్లో మధ్యాహ్నం పూట ఆయన గొంతు వినిపిస్తూనే ఉండేది.

"వణక్కం. నాన్ ఉంగళ్ వెంకటపతి. వీట్టు కదవు తిరందు ఇరుక్కు, వాంగ." తమిళంలో, నమస్కారం, నేను మీ వెంకటపతిని, ఇంటి తలుపు తెరిచే ఉంది, రండి అని.

వంటింట్లో ఉన్న పుష్పవల్లి చేతిలో చాట ఉంటే చాట, గరిటె ఉంటే గరిటె అట్లాగే ఆగిపోయేది. అది ముందుగదిలో పెట్టిన కంప్యూటరని, దాని పక్కనున్న స్పీకర్లలోంచి వస్తోందని ఆమెకు తెలుసు. తెలిస్తే మాత్రం గుండె ఊరుకుంటుందా? పెళ్ళయిన నాటి నుంచి ఆ గొంతు పిలిస్తే పలికిన మనిషి. "వస్తా ఉండా" అనే మాట పెదవుల దాకా వచ్చేది. దాన్ని మింగి మళ్ళీ పనిలో పడేది. కాసేపటికి ఆ గొంతు మళ్ళీ రమ్మనేది.

వెంకటపతి ఎమ్మెల్యే. కిందటేడు ఎవరో చెప్పగా విని, సింగపూరులో, మలేసియాలో, దుబాయిలో ఉన్న మనవాళ్ళు చూస్తారని ఒక వెబ్‌సైట్ పెట్టించుకున్నాడు. పురసవాక్కం బ్రౌజింగ్ సెంటర్‌లో పనిచేసే ప్రీతి అనే అమ్మాయి దాన్ని తయారు చేసింది. ఏప్రిల్లో ఒకరోజు పొద్దున మీటింగుకు బయలుదేరిన వెంకటపతి చెప్పులు తొడుక్కుంటూనే మెట్ల మీద కూలిపోయాడు. ఉప ఎన్నిక వచ్చింది. పార్టీ వాళ్ళు సీటు పుష్పవల్లికిచ్చారు. ఇమ్మని ఆమె అడగలేదు, వద్దని కూడా అనలేదు. వెంకటపతి తమ్ముడు కోదండరాం అన్నీ తానే చూసుకుంటానన్నాడు. అట్లాగే చూసుకున్నాడు కూడా. ముందుగది ఎన్నికల ఆఫీసు అయింది. ప్రీతి రోజూ మధ్యాహ్నాలు వచ్చి ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది.

వంటమనిషి కన్నియమ్మ మాత్రం ఆ గది గడప తొక్కేది కాదు. కాఫీ గ్లాసులు వాకిట్లోనే పెట్టి వెనక్కి తిరిగేది.

"అయ్యకి దారి దొరకలా అమ్మా," అంది ఒకరోజు పుష్పవల్లి చెవిలో. "పొయ్యే దారి తెలీక ఈడే తిరగతా ఉండాడు. కర్పూరం వెలిగించు."

పుష్పవల్లి కసిరింది. కానీ ఆ మాట లోపలెక్కడో గుచ్చుకుంది. ఆ మధ్యాహ్నం గొంతు ఎన్నోసారో వినిపించేసరికి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుగదిలోకి వెళ్ళింది.

"ఎందుకమ్మా అస్తమానం పెడతా ఉండావు?"

ప్రీతి గబుక్కున లేచింది. "నేను పెట్టలా ఆంటీ. మొదటి పేజీ వచ్చినప్పుడల్లా అదే పలుకుతుంది. సార్ అట్టా పెట్టమన్నారు. వలంటీర్లు చూస్తా చూస్తా దారి తప్పిపోతారు, మళ్ళీ మొదటికొస్తారు. అంతే."

"దారి తప్పడమేంది?"

ప్రీతి ఆమెను కూర్చోబెట్టి మౌస్ చేతికిచ్చింది. తెర నిండా వెంకటపతి ఫోటో, ఎప్పటిలాగే ఎడమచెయ్యి నడుం మీద పెట్టుకుని, బరువంతా ఒక కాలి మీద వేసి నిలబడి. ఎడమ పక్కన పై నుంచి కిందికి చిన్న చిన్న బొమ్మలు: ఒక గంట, ఒక నీళ్ళ బిందె, ఒక దీపం, ఒక ఇల్లు. ఒక్క అక్షరం లేదు. తమిళ అక్షరాలు కొన్ని కంప్యూటర్లలో ఉత్త గడులుగా కనబడుతున్నాయని, అందుకే బొమ్మలు పెట్టానని ప్రీతి చెప్పింది. బొమ్మ మీదికి బాణం గుర్తు తీసుకెళితే పక్కనుంచి ఒక పట్టీ జారుతుంది. ఆ పట్టీలో ఇంకొన్ని బొమ్మలు. వాటి పక్కన ఇంకో పట్టీ. అమెరికా వాళ్ళ సైటులో చూసి నేర్చుకున్న విద్య అది. చెబుతుంటే ప్రీతి కళ్ళు మెరిశాయి.

పుష్పవల్లి బాణాన్ని గంట మీదికి తీసుకెళ్ళింది. పట్టీ బయటికొచ్చింది. దాని మీదికి పోబోయేసరికి చెయ్యి వెంట్రుకవాసి పక్కకి జరిగింది. పట్టీ మాయమైంది. వేలు అప్పటికే నొక్కేసింది. నొక్కింది ఆ పట్టీ వెనకున్న ఫోటో మీద.

"వణక్కం," అన్నాడు వెంకటపతి. ఆయన పోయాక ఇంత దగ్గరగా ఆ గొంతు వినడం ఆమెకు అదే మొదలు. మౌస్ వదిలేసింది.

"ఫోటోని నొక్కితే మొదటి పేజీకి పోతుంది ఆంటీ. మళ్ళీ చూడండి, మెల్లిగా."

మెల్లిగా చూసింది. బిందె నొక్కబోతే ఆయనే. దీపం నొక్కబోతే ఆయనే. ఆఖరికి అడిగింది: "నేను యాడుండాను?"

ప్రీతి మొహం కాస్త వాడింది. మౌస్ తీసుకుని ఇల్లు బొమ్మ మీద పెట్టింది. ఇంట్లోంచి కుటుంబం, కుటుంబంలోంచి సతీమణి. అక్కడ పుష్పవల్లి ఏదో పెళ్ళిలో వడ్డిస్తున్న ఫోటో ఉంది. కింద ఇంగ్లీషులో ఒక్క వాక్యం, ఆయనకు అన్నివిధాలా తోడునీడ అని. ఆయన పోయిన వార్త ఎక్కడుందని అడిగితే గంటలోంచి రెండు పట్టీలు దాటించి చూపించింది.

అప్పుడే లోపలికొచ్చిన కోదండరాం ఆ తెర చూసి, ఆమె మొహం చూసి, సంగతి గ్రహించాడు.

"మార్చొద్దని నేనే చెప్పినా వదినా. జనం ఓటేసేది అన్నకి. నీకు కాదు, తప్పుగా అనుకోబాక. అన్న ఎంత కనబడితే మనకంత మంచిది."

తప్పుగా ఏమీ అనుకోలేదు. అతనన్నది నిజమేనని ఆమెకీ తెలుసు. లేచి వంటింట్లోకి పోయింది.

ఆ తర్వాత ఆమెకు ఒక అలవాటైంది. దాన్ని ఎవరికీ చెప్పుకోలేదు. మధ్యాహ్నం అవుతుండగా చెవి దానంతటది ముందుగది వైపు తిరిగేది. గొంతు వినబడితే, ఆ గదిలో ఎవరో దారి తప్పారని తెలిసేది. ఎవరో పాపం తిరిగి తిరిగి ఆయన దగ్గరికే వచ్చిపడ్డారు. వినబడకపోతే మనసు నిలవదు. వీధుల్లో ప్రచారానికి పోయినప్పుడు జీపులో చేతులు జోడించి నిలబడేది. కానీ ఆ వేళకి ఇంట్లో ఆయన పిలుస్తుంటాడని, పలికేవాళ్ళు లేరని గుర్తొచ్చేది. ఒకసారి పురసవాక్కం బజారు మధ్యలో, మైకులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. అందరూ దుఃఖమనుకున్నారు. చప్పట్లు కొట్టారు.

వెంకటపతి పుట్టినరోజు నాడు పొద్దున్నే జడివాన. కోదండరాం ఊళ్ళో పందిళ్ళు చూడడానికి పోయాడు. గేటు ముందు ఆటో ఆగింది. తడిసిన పంచె మోకాళ్ళ దాకా ఎత్తుకుని, చంకలో ఒక డబ్బా పెట్టుకుని బట్టతల పెద్దమనిషి గబగబా లోపలికొచ్చాడు.

"ఒరేయ్ పతీ! తలుపు తెరిచే ఉందన్నావు గదరా, ఇదో, వచ్చేసినా!"

పుష్పవల్లి ముందుగది గుమ్మంలోకి వచ్చింది. వచ్చినాయన మునిరత్నం. వెంకటపతితో కలిసి ఇదే పేటలో చదువుకున్నవాడు, మలేసియాలోని పినాంగుకు పోయి అంగడి పెట్టుకుని అక్కడే ఉండిపోయినవాడు. ఆమె పెళ్ళిలో పాలేరులా పనిచేశాడని వెంకటపతి ఎప్పుడూ చెప్పేవాడు.

"చెల్లెమ్మా, వాడేడీ? దారి పొడుగునా వాడి పోస్టర్లే. ఇంకా నిద్ర లేవలా? జాజికాయ ఊరగాయ తెచ్చినా, వాడికిష్టమని..."

మాట మధ్యలో ఆయన కళ్ళు ఆమె నుదుటి మీద పడ్డాయి. ఆ నుదురు బోసిగా ఉంది. చూపు మెడకి దిగింది. డబ్బా చంకలోంచి జారి నేలమీద పడి దొర్లింది.

పుష్పవల్లి వంగి దాన్ని తీసి బల్ల మీద పెట్టింది.

"ఎప్పుడు?" అన్నాడు.

"ఏప్రిల్లో, అన్నా."

"అట్టెట్టా అవుతుంది?" ఆయన గోడ పట్టుకున్నాడు. "పోయిన వారం వాడితో మాట్లాడినా. అంటే, మా అల్లుడి ఆఫీసులో కంప్యూటర్ చూసినా. వాడు పలికినాడు. పుట్టినరోజుకి వస్తా ఉండానని ఆ పేజీ కిందున్న అడ్రసుకి రాసినా. జవాబు కూడా వచ్చింది చెల్లెమ్మా, నీ ప్రేమకు సంతోషం, నీ వెంకటపతి అని."

పుట్టినరోజని ఆ పొద్దున్నే వానలో వచ్చి తల తుడుచుకుంటున్న ప్రీతి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఎవరు ఏం రాసినా దానంతటదే పోయే జవాబు అది. కిందటేడు తనే పెట్టింది. ఆపాలని తనకు తట్టలేదు, ఆపమని ఎవరూ చెప్పనూ లేదు.

పుష్పవల్లి మునిరత్నాన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆయన తేరుకున్నాక నెమ్మదిగా అడిగింది: "పోయిన సంగతి అందులో రాసుండారన్నా. నువ్వు చూడలేదా?"

"ఏడ చూసేది? దాంట్లో పొద్దంతా తిరిగినా. ఏడ నొక్కినా వాడే పలకరించినాడు."

"ఒకసారి నొక్కి చూపించు."

ఆయన వద్దన్నట్టు తల ఊపాడు. ఆమె ఊరుకోలేదు. ప్రీతి ఇంటర్నెట్ కోసం ఫోన్ లైను కలిపింది. కీచుమని అరిచి అరిచి లైను కుదిరింది. మునిరత్నం వణికే చెయ్యి మౌస్ మీద పెట్టాడు. గంట మీదికి పోయాడు. పట్టీ జారింది. చెయ్యి జరిగింది. పట్టీ మాయమైంది.

"వణక్కం. నాన్ ఉంగళ్ వెంకటపతి..."

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ పిలిచాడు. ముసలాయన బుగ్గల మీద నీళ్ళు కారుతున్నా ఆపడం లేదు. పంతం పట్టినట్టు, ఆ పట్టీల వెనక ఎక్కడో స్నేహితుడు దాక్కుని ఉన్నట్టు నొక్కుతూనే ఉన్నాడు. ప్రతిసారీ ఆ గొంతు అదే తీపితో, అదే ఆత్రంతో, తలుపు తెరిచే ఉందంటోంది. వంటింట్లో కన్నియమ్మ దేవుడి పేరు గట్టిగా తలుచుకుంటోంది. ఇన్నాళ్ళూ మధ్యాహ్నాలు పుష్పవల్లి చెవొగ్గి విన్నది ఇదన్నమాట. ఎక్కడో దూరదేశంలో ఒక మనిషి ఇట్లా కూర్చుని, ఇట్లా తడుముకుంటుంటే, తను ఇక్కడ ఆ గొంతు కోసం ఎదురుచూసింది.

ప్రీతి చెయ్యి చాచి స్పీకర్లు ఆపేసింది.

"ఆంటీ," అంది. "నా చెయ్యి ఎప్పుడూ జారలా. అందరి చెయ్యీ అట్టాగే ఉంటాదనుకున్నా."

"బొమ్మలు తీసెయ్యి," అంది పుష్పవల్లి. "మాటలు పెట్టు. అన్నీ ఎదురుగా ఉండనీ, దాక్కొని దాక్కొని బయటికి రావద్దు. మొట్టమొదట ఆయన పోయినాడని రాయి. దాని కింద నా పేరు రాయి."

అక్షరాలనే బొమ్మలుగా గీసి పెడితే గడులు కనబడవని, కాకపోతే తెర తెరుచుకోవడానికి ఆలస్యమవుతుందని ప్రీతి అంది. ఆలస్యమైతే కానీ అంది పుష్పవల్లి. మునిరత్నం ఊళ్ళో ఉన్నన్ని రోజులూ వచ్చి, ప్రీతి గీసిన ప్రతిదాన్నీ ఆ వణికే చేత్తోనే నొక్కి చూశాడు. ఆయన తప్పిన చోటల్లా ఆ అమ్మాయి చెరిపి మళ్ళీ గీసింది. పుష్పవల్లి పేరు కిందనే మీ కష్టం చెప్పండి అన్న మాట చేరింది. ఆయన గొంతు సైటులోంచి పోయింది.

సంగతి తెలిసిన రోజు కోదండరాం కంప్యూటర్ ముందు నిలబడి చూసి చూసి, అన్నాడు: "ఇది అన్నని రెండోసారి చంపడమే వదినా."

"మొదటిసారి పోయిందే మనం సరిగ్గా చెప్పలా, కోదండం."

అతను చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ప్రచారానికి వస్తూనే ఉన్నాడు గానీ ఆమెతో మాట్లాడడం మానేశాడు.

మధ్యాహ్నాలు నిశ్శబ్దమయ్యాయి. కన్నియమ్మ గది లోపలికే వచ్చి కాఫీ ఇవ్వడం మొదలుపెట్టింది. పుష్పవల్లి చేతులు మాత్రం ఆ వేళకి ఆగిపోతూనే ఉండేవి. ఏమీ వినబడదు. ఆయన్ని తానే చెయ్యి పట్టుకుని గడప దాటించి, తలుపు గడియ పెట్టినట్టుండేది. బయట వానలో ఉన్నాడేమో అనిపించేది. ఒకటి రెండుసార్లు నిజంగానే వెళ్ళి వీధి తలుపు తీసి చూసింది. ఎవరూ లేరు. కూవం నది వాసన, తడిసి గోడ మీంచి ఊడిన పోస్టర్లు.

ఓడిపోయింది. ఎక్కువ తేడా కూడా కాదు. లెక్కింపు అయిన సాయంత్రం కోదండరాం అన్నాళ్ళకి నోరు విప్పాడు. "ఆ గొంతు ఉండుంటే గెలిచుండేవాళ్ళం."

ఆ సైటు చూసేవాళ్ళలో చాలామందికి ఇక్కడ ఓటే లేదని, దానివల్ల ఓడిపోవడమేమిటని ప్రీతి వాదించింది. ప్రీతి చెప్పింది సబబే. అయినా రాత్రి పడుకున్నాక పుష్పవల్లి చెవిలో తిరిగింది కోదండరాం మాటే. అది తప్పని చెప్పగలిగినవాడు ఒక్కడే, ఆయన నోరు తనే మూయించింది.

వారం తర్వాత ప్రీతి వచ్చి, పార్టీ వాళ్ళు సైటు మూసేయమన్నారని, మూసేముందు వచ్చినవన్నీ ఒకసారి చదువుతానని కూర్చుంది. మీ కష్టం చెప్పండి అన్న మాట నొక్కి రాసినవాళ్ళలో చాలామంది తిరువొత్తియూరు సముద్రపు ఒడ్డున జాలరి కుప్పాల పిల్లలు. దుబాయిలో, షార్జాలో కూలికి పోయినవాళ్ళు. అందరిదీ ఒకటే గోడు. ఫ్యాక్టరీ నీళ్ళు బావుల్లోకి దిగుతున్నాయి, అమ్మ అవే తాగుతోంది, ఎవరైనా పోయి చూడండి. అన్నీ పుష్పవల్లి పేరు మీదే ఉన్నాయి.

"ఓడిపోయినాం గదా ఆంటీ. ఏం జవాబు రాసేది?"

"రాయబాక. పోయి చూద్దాం."

ఇద్దరూ లోకల్ ట్రైను ఎక్కి పోయారు. స్టేషన్ నుంచి ఇసకలో నడిచారు. రాసాత్తి అనే చేపలమ్మే ఆమె ఎదురొచ్చి బావి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె కొడుకు రాసినవాళ్ళలో ఒకడు. బావి నీళ్ళు తోడి పోస్తే పసుపు రంగు నురగ వచ్చింది. పుష్పవల్లి దోసిలి పట్టి వాసన చూసింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే చుట్టూ చేరారు. వచ్చినామె గెలిచిందో ఓడిందో ఎవరూ అడగలేదు. రేపు పొద్దున కలెక్టరాఫీసుకు ఎవరెవరు వస్తారని ఆమె అడిగింది. చేతులు లేచాయి.

రాసాత్తి ఆమెనే చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె తమిళంలో అన్నదాని అర్థం ఇది: "అక్కా, అన్న నిలబడినట్టే నిలబడినావే."

పుష్పవల్లి చూసుకుంది. ఎడమచెయ్యి నడుం మీద ఉంది, బరువంతా ఒక కాలి మీద ఉంది. ఎప్పుడు అట్లా నిలబడిందో ఆమెకే తెలియదు. చెయ్యి తీసేసింది. తీశాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తోచక, సముద్రపు గాలికి ఎగురుతున్న కొంగును పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడింది.