బేసి కుర్చీ

నాలుగో ఆట గెలిచి లేచేసరికి రెండో బల్ల కింద ఎవరో టీ ఒలకబోశారు. అంతసేపూ గెలిచిన మనిషి ఒటీలియా, మరుక్షణం గుడ్డ పట్టుకుని తుడిచే మనిషైంది. రుమేనియాలోని బ్రయీలా ఊరి సాంస్కృతిక భవనంలో ఊడ్చి తుడిచేందుకు ఆమెకి రోజుకి ఎనభై లెయ్‌లు. అదే హాల్లో జరిగే అక్షరాల బిళ్ళలతో మాటలు పేర్చే ఆట పోటీకి ప్రవేశ రుసుము నూట ఇరవై. రుసుము కట్టలేనివాళ్ళ గోడు ఎవరికి కావాలి?

ఈసారి కట్టినవాళ్ళు పందొమ్మిది మంది. బేసి వస్తే ఒకరు ఊరికే కూర్చోవాలి గనక, పోటీ నడిపే క్లబ్బువాళ్ళు ఒటీలియాని ఎదురు కూర్చోబెడతారు. గెలిచినా ఆమె పేరు పట్టికలో ఎక్కదు, బహుమతీ రాదు. ఆరేళ్ళుగా లెక్క సరిచెయ్యడానికి ఆమె, సరే అనడానికీ ఆమే.

మొదటి బహుమతి పదహారు వందలు. చలికాలమంతా సరిపోయే కట్టెలొస్తాయి. పోయిన జనవరిలో పొయ్యి ఆరిన గదిలో తల్లి ఊపిరితిత్తులు చెడ్డాయి. ఇంకో అలాంటి జనవరి ఆమె దాటదని డాక్టరు చెప్పేశాడు. అందుకే పొద్దున్నే ఒటీలియా, క్లబ్బు అధ్యక్షుడూ ఈ భవనం మేనేజరూ అయిన షెర్బాన్‌ని అడిగింది, "రుసుము జీతంలో పట్టుకుని నా పేరూ రాయండయ్యా" అని.

"అయిదాటలు కానీ. అన్నీ గెలిస్తే చూద్దాం" అని నవ్వాడాయన.

అయిదోదీ గెలిచింది. అప్పుడే రాజధాని బుకారెస్టు నుంచి రైలు దిగి, పోటీలో ఆడడానికి కోర్నెల్ వచ్చాడు. బహుమతి సొమ్ములో సగం ఆయన టైర్ల కొట్టు ఇచ్చిందే.

"లే ఒటీలియా. ఇరవై మందీ కుదిరారు" అన్నాడు షెర్బాన్.

"అన్నీ గెలిస్తే చూద్దామన్నారు కదండీ."

"చూశాం. బాగా ఆడావు."

ఇందాక ఆమె చేతిలో ఓడిన రేవు కూలీ తాసే గొంతెత్తాడు. "నా ఓటమి రాసుకున్నావు గదయ్యా. మరామె గెలుపు ఎవరింటికి పోయింది?"

"నువ్వు కూర్చో తాసే. పెద్ద బహుమతి లేకపోతే రాజధాని వాళ్ళు మన ఊరి మొహం చూస్తారా?"

"వచ్చి మా కుర్చీలే అడుగుతున్నారు" అంది ఒటీలియా. "రుసుము ముప్ఫై చెయ్యండి. పై ముగ్గురికే పోసే సొమ్ము కాస్త తగ్గించండి. నాలాంటివాళ్ళూ పేరు రాయించుకుని ఆడతారు."

"నీ జీతం కాగితం మీద కూడా నా సంతకమే. గుర్తుపెట్టుకో."

ఆమెకి గుర్తుంది. ఆ ఎనభై పోతే కట్టెలే కాదు, రొట్టే ఉండదు. కోర్నెల్ కోటు విప్పి చేతిమీద వేసుకుని, ఆమె వెనకే ఇబ్బందిగా నిలబడ్డాడు.

"కావాలంటే నేను ఆడకుండా పక్కన కూర్చుంటాను" అన్నాడు మెల్లిగా.

"మీరు డబ్బిచ్చారండీ. మీరెందుకు పక్కన కూర్చుంటారు?" అన్నాడు షెర్బాన్.

ఒటీలియా లేవలేదు. ఆట సంచీలో చెయ్యి పెట్టి అక్షరాల బిళ్ళలు ఏడు ఒక్కొక్కటే తీసింది. ఏడూ తన ముందున్న చెక్క పలకమీద నిలబెట్టింది. ఒకటి పడిపోతే మళ్ళీ నిలబెట్టింది. ఆరో ఆటకి ఎదురు రావలసిన టీచరమ్మ వచ్చి కూర్చుంది. టీచరమ్మ చెయ్యి, మీట నొక్కితే ఆట మొదలయ్యే గడియారం మీదికి వెళ్ళి, నొక్కకుండా అక్కడే ఆగింది.