వాపసు బియ్యం

మా చర్చిలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. పూటకు ఒక పిడికెడు. ఆదివారం ఆ సంచీ తెచ్చి బల్ల పక్కనున్న రేకు డబ్బాలో గుమ్మరిస్తారు. దొడ్డువి, సన్నవి, రేషన్‌వి అన్నీ అందులోనే కలిసిపోతాయి. ఎవరు ఎంత పోశారో ఎవరికీ తెలియదు. ఎవరికి పోతున్నాయో కూడా తెలియకూడదు. శాలిబండ గల్లీలో మా తాతల నాటి నుంచి ఇదే పద్ధతి.

ఎవరికి పోతున్నాయో ముగ్గురికే తెలుసు. పాస్టరు జోయెల్ అయ్యగారికి, స్త్రీల సమాజం పెద్ద సత్తెమ్మకు, నాకు. నాకెందుకంటే, అందులో ఒక పాలు మా అక్క లీలమ్మకు పోతుంది. ఐదేళ్ల కింద బావ చనిపోయినప్పుడు సత్తెమ్మను బతిమాలి నేనే ఆ ఏర్పాటు చేయించాను.

నీ ఇంట్లోంచి ఇవ్వొచ్చు కదా అంటారు. అనేవాళ్లకేం పోయింది. నేను ట్రాలీ ఆటో తోలుతాను, కిరాయి దొరికిన రోజు తింటాం. అదీ కాక నా భార్యకూ అక్కకూ పదేళ్లుగా మాటల్లేవు. నా ఇంటి గింజ అక్క ముట్టదు. చర్చి గింజ ముడుతుంది, ఎందుకంటే అది ఎవరిదీ కాదు.

అక్కకు రేషన్ కార్డు లేక కాదు. ముప్పై ఏళ్లు ఒక నర్సింగ్ హోంలో దుప్పట్లు ఉతికింది. సోడా, బ్లీచింగు కలిసి వేళ్ల మీది గీతలు తినేశాయి. రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెడితే, ఈమె లీలమ్మ కాదంటుంది మిషను. అరవై దాటిన మనిషి తాను తానేనని రుజువు చేసుకోవడానికి ఎన్ని ఆఫీసులు తిరగాలో అన్నీ తిరిగింది. ఆ తిరుగుడులో ఆమె వెంట టీవీ వాళ్లెవరూ రాలేదు.

సత్తెమ్మ తెలివైన మనిషి. శనివారం మధ్యాహ్నం గిన్నె మీద గుడ్డ కప్పుకుని అక్క ఇంటికి వెళ్తుంది. లోపలికి పోదు. గుమ్మంలోనే నిలబడి పక్క వాటాల వాళ్లందరికీ వినబడేలా, మొన్న నీ దగ్గర తీసుకున్న బియ్యం వాపస్ తెచ్చానక్కా అంటుంది. అంత జల్దీ ఏమొచ్చింది, నిమ్మళంగా ఇస్తే పోయేది కదా అంటుంది అక్క. ఐదేళ్లుగా ఇద్దరూ ఈ నాటకాన్ని ఒక్క శనివారం కూడా తప్పించలేదు. వాడకట్టులో మా అక్కకు బియ్యం బదులిచ్చే మనిషని పేరు. ఆ పేరు మీదే ఆమె తల ఎత్తుకుని బోరింగు దగ్గరికి పోయేది.

పోయిన వేసవిలో బహదూర్‌పురా అవతల ఒక ఖాళీ జాగాలో గుడిసెలు కాలిపోయాయి. బర్మా నుంచి పారిపోయి వచ్చినవాళ్లవి. తుక్కు ఏరి, వేరు చేసి బతుకుతారు. ప్లాస్టిక్ కుప్ప పక్కనే పొయ్యి, ఇంకేం మిగులుతుంది. మనుషులు బయటపడ్డారు గానీ వండుకునే గిన్నెతో సహా అంతా పోయింది. ఆ రోజు నుంచి లొల్లి. టీవీలో ఒకాయన వాళ్లను వెళ్లగొట్టమంటాడు, ఇంకొకాయన అక్కున చేర్చుకొమ్మంటాడు. ఇద్దరూ కూర్చునేది ఏసీ గదిలోనే. మా చర్చి వాట్సాప్ గ్రూపులోనూ అదే లొల్లి. ఒకరు పరదేశుల మీద వాక్యం పెడితే, ఇంకొకరు సొంతవాళ్ల మీద వాక్యం పెట్టారు. బైబిల్లో అన్ని రకాల వాక్యాలూ ఉన్నాయి మరి.

నేనూ పెట్టాను. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, టైపు చేయడం రాదు, నోటితో చెప్పి పంపాను. ముందు మన కడుపులు నిండనీయండి, మిగిలితే చూద్దామన్నాను. ముప్పై మంది బొటనవేలు ఎత్తారు. అంతమంది నా మాటకు సరే అనడం నా జన్మలో అదే మొదలు. ఆ పూట అన్నం తింటూ నాలుగైదుసార్లు ఫోను తీసి చూసుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అందరినీ కూర్చోమన్నాడు. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు, చాపల మీద. అక్క మూడో వరుసలో గోడకు ఆనుకుని కూర్చుంది. సుజన లేచింది. ఆమెది గుంటూరు వైపు. రైల్వే ఆఫీసులో ఉద్యోగం, దబీర్‌పురాలో అద్దెకుంటుంది, రెండేళ్లుగా మా చర్చికి వస్తోంది. చెడ్డ మనిషి అనలేను. అనగలిగితే నాకు సులువయ్యేది. కాలిన గుడిసెల దగ్గరికి ఆమె రెండుసార్లు వెళ్లొచ్చింది. అక్కడి పిల్లలు ఏం తింటున్నారో చెప్పింది. మూడు నెలల పాటు డబ్బాలో బియ్యం మొత్తం వాళ్లకు పంపుదామని అడిగింది.

మొత్తం అన్న మాట నా చెవిలో పడింది. ఇంకేదీ పడలేదు. మూడు నెలలంటే పన్నెండు శనివారాలు. అక్క ఏం తింటుంది?

మనకూ అవసరాలుంటాయమ్మా, చూసి చేద్దాం అన్నాడు పాస్టరు మెల్లగా. ఆయన జారుకుంటున్నాడనుకున్నాను. నా పక్కన ఇశ్రాయేలు మోచేత్తో పొడిచాడు. వాడు బీరువాల కార్ఖానాలో రేకులు వంచే ప్రెస్సు మీద పనిచేస్తాడు. గ్రూపులో నాకు మొదటి బొటనవేలు వాడిదే. నువ్వు లేచి చెప్తేనే వింటారన్నా అన్నాడు.

లేచాను. ఇంట్లో పొయ్యి చల్లగా ఉంటే ఊరివాళ్లకు వండిపెట్టే దాతలెక్కడా ఉండరన్నాను. సర్కారు మనల్ని చూడదు, చర్చి కూడా చూడకపోతే మనం ఎక్కడికి పోవాలి, మనం కూడా బర్మాకు పోదామా అన్నాను. మగవాళ్ల వైపు నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఇశ్రాయేలు అందరికంటే గట్టిగా కొట్టాడు. నాకు ఒళ్లు వేడెక్కింది.

సుజన కోపానికి రాలేదు. వచ్చినా బాగుండేది.

“మీరన్నది న్యాయమే డానియేలుగారూ. మన సంఘంలో పస్తులుండేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ముందు వాళ్లకే ఇద్దాం. నేను వచ్చి రెండేళ్లే అయింది, నాకు తెలియదు. ఒక్క పేరు చెప్పండి చాలు.”

అందరూ నా వైపు చూశారు. సత్తెమ్మ చూసింది, తల అడ్డంగా ఊపింది. చూడలేదని అబద్ధం చెప్పను, చూశాను. కానీ చప్పట్లు కొట్టిన వాళ్లు వెనక ఎదురుచూస్తున్నారు. పేరు చెప్పకుండా కూర్చుంటే ఓడిపోయినట్టే.

“మా అక్క లీలమ్మ,” అన్నాను. అక్కడితోనన్నా ఆపలేదు. “ఐదేండ్ల సంది ఈ డబ్బల బియ్యమే తింటుంది. శనివారం శనివారం సత్తెమ్మ వాపస్ అని తీస్కపొయేది గివ్వే. మిషన్ మీద ఏలు వడ్తలేదు ఆమెకు. గామెను పస్తువండవెట్టి బర్మోళ్లకు పంపుతరా?”

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆడవాళ్ల వైపు ఒక్కొక్క తలే మూడో వరుస వైపు తిరిగింది. అందులో అక్క పక్క వాటా ఆవిడ కూడా ఉంది.

అక్క గోడ పట్టుకుని లేచింది. కొంగు సర్దుకుంది.

“నాకేం తక్కువ లేదు అయ్యగారూ. తమ్ముడు కోపంల ఏదో అన్నడు. ఆళ్లు ఇండ్లు కాలినోళ్లు. బియ్యం ఆళ్లకే పంపుండ్రి.”

కూర్చుంది. ఆ తర్వాత ఎవరేం మాట్లాడతారు. చేతులెత్తమన్నారు, ఎత్తారు. చప్పట్లు కొట్టినవాళ్లు కూడా ఎత్తారు. సుజన ముఖం పాలిపోయింది. గెలిచినందుకు ఆమె సంతోషించిందని నేననుకోను.

బయట చెప్పుల దగ్గర పాస్టరు నా భుజం పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

“డానియేలూ, మొత్తం అక్కడికే అని ఆమె అన్నా, లీలమ్మ పాలు నేను తీసి పక్కన పెట్టేటోణ్ణి. సుజనకు తర్వాత చెప్పుకునేటోణ్ణి. ఇప్పుడు ఎట్ల వెట్టాలె? పెట్టినా ఆమె తీస్కుంటదా?”

తీసుకోలేదు. ఆ శనివారం సత్తెమ్మ గిన్నె పట్టుకుని వెళ్తే, నేను నీకేమీ బదులివ్వలేదు కదా సత్తెమ్మా, ఎవరికో ఇవ్వబోయి నాకు తెచ్చావు అని గుమ్మంలోంచే పంపేసిందట. బోరింగు దగ్గర పక్క వాటా ఆవిడ, మాకు కూడా నాలుగు గింజలు బదులియ్యరాదా లీలమ్మక్కా అని నవ్విందట. అప్పటి నుంచి అక్క పొద్దున ఎవరూ లేవకముందే నీళ్లు తెచ్చుకుంటోంది.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ బియ్యం గుడిసెలకు చేర్చడానికి బండి కావాలన్నారు. చర్చిలో ట్రాలీ ఎవరికుంది, నాకే ఉంది. కాదంటే కుళ్లుబోతు అంటారని వెళ్లాను. అక్కడ వాళ్ల పెద్దమనిషి ఒకడు కాగితం పట్టుకుని పేర్లు గట్టిగా చదివాడు. చదివినవాళ్లు చదివినట్టు వచ్చి సంచీ పట్టుకెళ్లారు. వీళ్లకు సిగ్గు లేదు, అందుకే బతికేస్తున్నారు అనుకున్నాను. తర్వాత ఒక ముసలామె పేరు చదివితే ఆమె రాలేదు. మళ్లీ చదివాడు. రేకుల చాటున నిలబడి ఉంది, నాకు కనిపిస్తూనే ఉంది. మూడోసారి చదివాక ముఖం మీదికి ముసుగు లాక్కుని వచ్చి, ఎవరి వైపూ చూడకుండా సంచీ తీసుకుని పోయింది. ఆమె మీద కూడా నాకు కోపమే వచ్చింది. ఎందుకో అడగొద్దు.

మూడో వారం పది కిలోల సంచీ కొనుక్కుని అక్క ఇంటికి వెళ్లాను. ఇంట్లోది కాదక్కా, దుకాణం నుంచి సీదా తెచ్చానన్నాను. అక్క చాప వేసింది. మంచినీళ్లిచ్చింది. సంచీ వైపు చూడలేదు. మనిషి సగమైంది. నీ మంచికే చెప్పాను, ఆ బర్మా వాళ్ల వల్ల నీ నోటికాడి కూడు పోతుందని చెప్పానని ఏదేదో అన్నాను. అంతా విన్నది.

“నాకోసం చెప్పలే తమ్మీ. గా పిల్ల నోరు మూపియ్యనీకి చెప్పినవ్. నాకోసమైతే అయ్యగారి చెవుల చెప్పేటోనివి.”

అబద్ధమని అనడానికి నోరు తెరిచాను. నీళ్లు తాగు, ఎండన పడి వచ్చావంది. సంచీ మళ్లీ ట్రాలీలో వేసుకుని వచ్చాను. వేసేటప్పుడు పక్క వాటా కిటికీ తెరిచే ఉంది.

ఇప్పుడు అక్క ఒక ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోముతోంది. మనిషి పట్టేంత వంట డేగిషాల్లోకి వంగి తోమాలి, ఆ నడుముతో. పని ఉన్న రోజు అక్కడే తింటుంది. లేని రోజు సంగతి నాకు తెలియదు, నాకు చెప్పేవాళ్లు లేరు. షేర్ ఆటోలో పోతూ ఒకసారి నా బండి పక్కనే ఆగింది. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగింది. బాగున్నారన్నాను. పచ్చ సిగ్నలు పడింది.

ఆమె ఆకలికి కారణం బర్మావాళ్లని చెప్పుకుంటే నాకు నిద్ర పడుతుంది. కొన్ని రాత్రులు చెప్పుకుంటాను. నా మాట మాత్రం మారలేదు. ఇంటివాళ్ల తర్వాతే బయటివాళ్లు, ఎవరడిగినా ఇదే చెబుతాను. మొన్న అదే మాట మీద ఒక పని చేద్దామనుకున్నాను.

ఇశ్రాయేలు కుడిచెయ్యి ప్రెస్సు కింద పడింది. మూడు వేళ్లు నుజ్జయ్యాయి. కార్ఖానా సేటు ఒక వారం మందులిప్పించి, నయమయ్యాక రమ్మన్నాడు. రెండు నెలలుగా ఇంట్లోనే ఉన్నాడు. వాడి భార్య చెవుల కమ్మలు లేకుండా చర్చికి వచ్చినప్పుడు నాకు సంగతి అర్థమైంది. గుడిసెల వాళ్లకు పంపే మూడు నెలలూ అయిపోయాయి. పోయిన ఆదివారం పాస్టరు, అవసరం ఉన్నవాళ్లు ఎవరికీ తెలియకుండా నాతో చెప్పండి, డబ్బా మళ్లీ మనదే అన్నాడు. ఒక్కరు కూడా వెళ్లలేదు. డబ్బా నిండా బియ్యం ఉన్నాయి, పురుగు పడుతున్నాయని సత్తెమ్మ బాధపడింది.

సాయంత్రం ఇశ్రాయేలు ఇంటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని ఎడమచేత్తో బీడీ ముట్టించుకోవడానికి తంటాలు పడుతున్నాడు. నేనే ముట్టించాను. లోపల పొయ్యి మీద ఏమీ లేదు, అది కనిపిస్తూనే ఉంది. పాస్టరుతో మాట్లాడతానురా, ఈసారి చెవిలోనే చెబుతాను, మూడో మనిషికి తెలియదు అన్నాను.

వాడు బీడీ నోట్లోంచి తీశాడు. నా కోసం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు. గల్లీలో అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“నీ కాల్మొక్తనన్నా. మా పేరు ఏడా తియ్యకు.”

లేచి లోపలికి పోయి, ఎడమచేత్తో తలుపు దగ్గరికి వేశాడు.