ముందే చేరిపోయే కారు

ఈమధ్య పేరిందేవి కారు ఆమె కంటే ముందే చేరిపోతోంది.

మొదట్లో తేడా మూరెడే. ఆమె బ్రేకు నొక్కుతుంది, కారు కూరగాయల మార్కెట్టు ముందు బుద్ధిగా ఆగుతుంది, ఆమె మాత్రం కూర్చున్న భంగిమలోనే, గాలిలో స్టీరింగు పట్టుకుని, రోడ్డు మీద జారుకుంటూ వచ్చి సీట్లో పడుతుంది. ఎవరూ పట్టించుకోరు. కాకినాడలో ఎవరి పనుల్లో వాళ్ళుంటారు. ఇప్పుడా మూరెడు కాస్తా వీధి పొడవైంది. నిన్న కారు జగన్నాథపురం వంతెన దాటేసింది, పేరిందేవి ఇంకా ఈవల గట్టునే ఉంది. ఖాళీ సీటుతో కారు మలుపు దగ్గర ఆగింది, ఇండికేటరు వేసుకుంది, మర్యాదగా తిరిగింది. ఆమె పరుగెత్తి అందుకుంది.

నిన్నటిదాకా అది ఆమె ఒక్కదాని తలనొప్పి. ఇవాళ అలా కాదు. ఇవాళ చెల్లెలు రత్నాన్ని వంతెన అవతల ఆసుపత్రిలో కాన్పుకి చేర్చాలి. వెనక సీట్లో కూర్చున్న మనిషి కారుతో పాటే వెళ్ళిపోతుంది, నడిపే మనిషే వెనకబడుతుంది. అంటే నిండు చూలాలు డ్రైవరు లేని కారులో వంతెన ఎక్కుతుంది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా పేరిందేవి అరచేతులు చల్లబడుతున్నాయి.

రత్నం మొగుడు బుల్లబ్బాయి నడుపుదామంటే అతని కుడిచేతికి కట్టు. ఆటోవాళ్ళేమో రత్నం పొట్ట చూసి, కిందికి దిగి దణ్ణం పెట్టి, ఆటోని తోసుకుంటూ వెళ్ళిపోతున్నారు. ఇక మిగిలింది వీధి చివర షోరూము. కారు కొన్నది అక్కడే. ఈ వారమంతా కార్లకి ఉచిత ఆరోగ్య పరీక్ష అని వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు.

"వద్దు వదినా," అంటాడు బుల్లబ్బాయి. "ఊరికే చూస్తానన్నవాడు ఊరికే వదలడండి బాబూ. మా బాబాయి బండి ఇలాగే ఇచ్చాడు. గుర్రంలా ఉండేదండి. లోపలికెళ్ళి వచ్చాక చూస్తే చాంతాడంత జబ్బులు!"

"అయితే నీ పెళ్ళాన్ని నడిపించుకెళ్తావా?"

"అది నడవదండి."

"నడవను," అంటుంది రత్నం వెనక సీట్లోంచి, జామకాయ కొరుకుతూ. "ఎక్కడమే గగనమైంది. ఇంక దిగితే ఆసుపత్రి దగ్గరే."

అలాగే షోరూముకి బయల్దేరతారు. బుల్లబ్బాయి ముందు నడుస్తూ, బాగున్న చేతిని బానెట్టు మీద ఆనించి కారుని ఆపుకుంటూ వెళ్తాడు. పేరిందేవి వెనక కూర్చున్నట్టే జారుకుంటూ వస్తుంది. మధ్యలో రత్నం జామకాయ తింటూ ఉంటుంది.

షోరూము లోపలికి వెళ్ళేకొద్దీ పొడవవుతుంది. రెండు పక్కలా కార్లు తెల్ల దుప్పట్లు కప్పుకుని పడుకుని ఉన్నాయి. వాటి యజమానులు స్టూళ్ళ మీద కూర్చుని బత్తాయిలు ఒలుస్తున్నారు. నల్ల కోటు, మెడలో స్టెతస్కోపు, పెదాల మీద నవ్వు పెట్టుకుని ఒకమ్మాయి ఎదురొస్తుంది. పేరు హైమ. కార్ల ఆరోగ్యం చూసేది ఆమే.

"రండి మేడమ్. రాత్రి కారు బాగా పడుకుందా?"

"గేటు దగ్గరే పడుకుందండి."

"పడుకుంటే సరిపోదు మేడమ్. నిద్ర పట్టాలి."

కారుని లిఫ్టు మీదికి ఎక్కించి పైకెత్తుతారు. రత్నం దిగనంటుంది కాబట్టి ఆమెని కూడా ఎత్తుతారు. ఎత్తేకొద్దీ కప్పు కూడా పైకి జరుగుతుంది.

"అక్కా! ఇక్కణ్ణించి సముద్రం కనబడతందే!"

"కిటికీలోంచి వంగమాక!"

హైమ కారు పొట్టకి స్టెతస్కోపు ఆనిస్తుంది. దగ్గమంటుంది. కారు దగ్గుతుంది. హైమ విచారంగా తల ఊపుతుంది.

"వైపర్లు అలిసిపోయాయి మేడమ్. మార్చాలి."

ఆ మాట వినగానే, అప్పటిదాకా నిటారుగా ఉన్న వైపర్లు వాడిన కాడల్లా వాలిపోతాయి.

"అద్దం కూడా. ఇందులో వెనకున్నవే కనిపిస్తున్నాయి."

"వెనకున్నవే కదమ్మా కనబడాలి?"

"కొత్తరకం అద్దాల్లో ముందు జరగబోయేవి కూడా కనిపిస్తాయండి. మీ మంచికే చెబుతున్నాను."

అద్దం మసకబారుతుంది. హారను బొంగురు పోయిందని హైమ అంటుంది, హారను గొంతు పోతుంది. సీట్లకి నీరు పట్టిందంటుంది, పైనుంచి రత్నం కేక వేస్తుంది, "ఇదేంటే, సీటు ఉబ్బుతంది!"

"చూశారా వదినా?" అంటాడు బుల్లబ్బాయి. "ఈవిడ చెప్పేదాకా అన్నీ బాగానే ఉన్నాయండి. నోరు తెరిచాక ఒక్కోటీ పడకేస్తంది. పోదాం పదండి."

పేరిందేవి పోదు. వీధిలో కూరగాయల బేరాలాడిన మనిషి ఆమె. నాలుగు వంకాయలు పుచ్చాయని బుట్టంతా పారబోయదు. "వైపర్లు వద్దు," అంటుంది. వైపర్లు లేచి నిలబడతాయి. "అద్దం వద్దు. హారను వద్దు. సీట్లు వద్దు." అద్దం తళుక్కుమంటుంది, హారను గొంతు సవరించుకుంటుంది, రత్నం కింద ఉబ్బిన సీటు మళ్ళీ తగ్గుతుంది. హైమ నవ్వు మాత్రం చెక్కుచెదరదు. ఆమె ఇంకో జబ్బు చెబుతుంది, పేరిందేవి ఇంకోసారి వద్దంటుంది. ఇంజను ఆయిలుకి బెంగ. వద్దు. తలుపులకి మతిమరుపు. వద్దు. పక్క స్టూలు మీది పెద్దాయన అన్నింటికీ తల ఊపేస్తున్నాడు. దుప్పటి కింద ఆయన కారు అగ్గిపెట్టెంత అయిపోయింది.

పైనుంచి రత్నం పిలుస్తుంది. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"అక్కా."

"ఏంటే?"

"లోపలున్నోళ్ళు తలుపు కొడతన్నారు."

బుల్లబ్బాయి ముఖం పాలిపోతుంది. ఇంక వంతెన ఎక్కక తప్పదు, ఎక్కితే సీటు ఖాళీ. ఆమె హైమ స్టెతస్కోపు కొస పట్టుకుని తన నోటి దగ్గర పెట్టుకుంటుంది.

"ఇదిగో అమ్మాయ్, సరిగ్గా విను. ఈ కారు నాకంటే ముందు చేరిపోతంది. మా చెల్లి ఇందులో వెళ్ళాలి. నేనూ దాంతో పాటే వెళ్ళాలి. దీని సంగతి చెప్పు."

హైమ నవ్వు తీసేసి కోటు జేబులో పెట్టుకుంటుంది. లోపల మామూలు ముఖం ఉంది, కాస్త అలిసిపోయిన ముఖం. అటూ ఇటూ చూసి గొంతు తగ్గిస్తుంది.

"అది ఆఖరి ప్రశ్నలో తేలుతుందండి. అక్కడిదాకా ఎవరూ ఉండరు. కొందరు వైపర్ల దగ్గరే సరే అంటారు, కొందరు వైపర్ల దగ్గరే తిట్టి వెళ్ళిపోతారు."

"నేనున్నానుగా. అడుగు."

"ఈ కారు మొదటిసారి కదిలినప్పుడు మీరెక్కడున్నారు?"

పేరిందేవికి వెంటనే గుర్తొస్తుంది. ఈ షోరూములోనే పూజ. కారుకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. చక్రానికొక నిమ్మకాయ. తన పేరున, తన ఇష్టాన కొన్న కారు. కానీ పంతులుగారు "తొక్కించండి" అనగానే తాళాలు బుల్లబ్బాయి చేతికి వెళ్ళాయి, హారతి పళ్ళెం ఆమె చేతికి వచ్చింది. ఆడది పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడుతుంది, మగవాడు బండి కదుపుతాడు. అలా ఉండాలని ఎవరూ చెప్పరు. అందరూ అలాగే ఉంటారు.

"పక్కన నిలబడ్డాను," అంటుంది.

"అదేనండి. నిమ్మకాయలు తొక్కినప్పుడు మీరు లోపల లేరు. కారు బయల్దేరింది. మీరింకా బయల్దేరలేదు."

"ఇన్నాళ్ళూ నడిపింది నేనే కదమ్మా?"

"నడిపారు మేడమ్. బయల్దేరలేదు."

"ఏం మార్చాలి దీనికి?"

"ఏమీ లేదండి. దీనికి విడిభాగం రాదు. అందుకే మావాళ్ళు ఈ ప్రశ్నని చివర్లో పెట్టారు."

"అసలు తీసేయొచ్చు కదా?" అంటాడు బుల్లబ్బాయి.

హైమ నొచ్చుకుంటుంది. "అది కూడా తీసేస్తే ఇంక పరీక్ష అని ఎలా అంటామండీ?"

కారుని దించుతారు. కొత్త కార్లు అప్పగించే డెలివరీ హాలు ఎటో హైమ వేలు చూపిస్తుంది. తాను రాకూడదట. హాలు చివర బెలూన్లు ఇంకా గాలి తగ్గకుండా వేలాడుతున్నాయి. వాటి కింద, మామిడిపండు రంగు ఉప్పాడ చీరలో, హారతి పళ్ళెం పట్టుకుని పేరిందేవి నిలబడి ఉంది. కర్పూరం వెలుగుతూనే ఉంది.

"ఇంకెంతసేపు?" అంటుంది నిలబడ్డ పేరిందేవి. "చెయ్యి పీకుతంది."

"అయిపోయింది. రా, ఎక్కు."

"పళ్ళెమో?"

"మరిది పట్టుకుంటాడు."

బుల్లబ్బాయి ఎడమచేత్తో పళ్ళెం అందుకుంటాడు. చెవులు ఎర్రబడతాయి. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ హారతి ఇచ్చిన మనిషి కాదు.

"ఏం చెయ్యాలి వదినా దీంతో?"

"తిప్పు. కుడివైపునుంచి. జుట్టు అంటుకుంటుంది, దూరంగా పట్టుకో."

ఇద్దరు పేరిందేవులూ ఒక్క సీట్లోనే కూర్చుంటారు. కాసేపు భుజాలు సర్దుకోవు. తరవాత ఒక చీర కుచ్చిళ్ళు ఇంకో చీర కుచ్చిళ్ళలో కలిసిపోతాయి, బెల్టు ఒకటే సరిపోతుంది. ఆమె కారుని మెల్లగా వెనక్కి పోనిస్తుంది. నేల మీద ఎండిన తొక్కలు చక్రాల కింద రసం పోసుకుంటూ ఉబ్బి, పసుపు రంగు నిమ్మకాయలై నిలబడతాయి.

"అక్కా, తొందరగా!" రత్నం ముందు సీటు వీపుని రెండు చేతులతో పట్టుకుంది.

పేరిందేవి ముందుకు పోనిస్తుంది. నిమ్మకాయలు చిట్లుతాయి. ఆ చప్పుడు ఆమె తొడల్లోంచి, వెన్నులోంచి, పళ్ళలోంచి పాకుతుంది. పులుపుకి నోట్లో నీళ్ళూరతాయి. బుల్లబ్బాయి పళ్ళెంతో సహా పక్క సీట్లోకి దూకుతాడు.

గేటు దగ్గర ఆమె బ్రేకు నొక్కుతుంది. కారు ఆగుతుంది. ఆమె కూడా ఆగుతుంది. బెల్టు ఛాతీకి గట్టిగా తగులుతుంది. ఆ నొప్పి ఎంత హాయిగా ఉందంటే, ఆమెకి పెద్దగా నవ్వొస్తుంది. నిన్నటిదాకా తన ఊపిరి కూడా వెనక ఎక్కడో వీధిలో ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది.

"మేడమ్, పోనీ పరిమళం డబ్బా అయినా..." హైమ వెనకనుంచి పిలుస్తుంది. నవ్వు మళ్ళీ పెట్టుకుంది.

"వద్దమ్మా! నువ్వు చల్లగా ఉండు!"

వంతెన ఎక్కుతారు. వంతెన తన మామూలు పొడవే ఉంది. స్టీరింగు చేతుల్లో, చేతులు భుజాలకి, భుజాలు సీటుకి. అన్నీ ఒకే చోట. పేరిందేవి అద్దంలో చెల్లెల్ని చూస్తుంది. రత్నం పళ్ళు బిగించి, కళ్ళు తెరిచి, అక్క మెడ వెనక భాగాన్నే చూస్తోంది.

"ఉన్నావా?" అంటుంది.

"ఉన్నానే."

"అయితే పర్లేదు."

బుల్లబ్బాయి కర్పూరం ఆరకుండా చెయ్యి అడ్డం పెడుతూ అడుగుతాడు, "అయితే వదినా, ఊరికే చూపించుకోవడం మంచిదే అంటారా?"

"ఆఖరిదాకా కూర్చునే ఓపికుంటే మంచిదే. మధ్యలో తల ఊపావా, అయిపోయావు."

"ఆయ్," అంటాడతను. కాసేపటికి మళ్ళీ, "వదినా. ఆసుపత్రి ఎదురొస్తంది."

"చూశాన్లే."

వంతెన అవతలి కొసన ఆసుపత్రి రోడ్డుకి ఎడమపక్కగా నడిచి వస్తోంది. మెట్లు పైకి మడుచుకుంది. కిటికీలన్నిట్లోంచీ దుప్పట్లు రెపరెపలాడుతున్నాయి. నర్సులు చేతులు బయటికి చాచి ఉన్నారు. పేరిందేవి బ్రేకు నొక్కుతుంది. కారు, ఆమె, పక్కన బుల్లబ్బాయి, వెనక రత్నం, అందరూ ఒక్కసారే ఆగుతారు. ఆసుపత్రి దగ్గరికొచ్చి, ఏనుగులా ముందు మోకాళ్ళు వంచి కూర్చుంటుంది. రత్నం కారులోంచి నేరుగా దాని గుమ్మంలోకి అడుగు వేస్తుంది. బుల్లబ్బాయి పళ్ళెంతో వెనకే వెళ్తాడు.

పేరిందేవి కిటికీలోంచి చెయ్యి చాచి ఆసుపత్రి గోడ మీద అరచెయ్యి ఆనిస్తుంది. గోడ వెచ్చగా ఉంది. లోపల ఏదో గట్టిగా కొట్టుకుంటోంది. ఆ పక్కనే ఇంకోటి, చిన్నది, కొత్తది, తొందరపడుతూ కొట్టుకోవడం మొదలుపెడుతుంది.

ఆసుపత్రి నిట్టూరుస్తుంది. అన్ని కిటికీల అంచుల నుంచీ పాలు దిగుతాయి. గోడల మీదుగా, మెట్ల మీదుగా, రోడ్డు మీదికి, తెల్లగా, నురగతో, ఏ తొందరా లేకుండా. పేరిందేవి ఇంజను ఆపి వెనక్కి ఆనుకుంటుంది. పాలు చక్రాల దాకా వస్తాయి. కారు మెల్లగా తల వంచి తాగుతుంది.