మూడు డెస్క్‌టాప్‌లు, ఒక ఉత్తరం

బావమరిది సర్వజ్ఞుణ్ణి నమ్మి బాగుపడ్డవాడు ఆ పుస్తకాల బైండరు ఇంట్లో ఇంతవరకు లేడు. ఆ పేరు ఇంట్లోవాళ్ళు పెట్టిందే. పదమూడేళ్ళ కంప్యూటర్ మూలుగుతోందని బైండరు నోరు జారాడు, అంతే. మర్నాడే బావమరిది పెన్‌డ్రైవ్ తెచ్చి చేతిలో పెట్టాడు.

"లినక్స్ బావా, విండోస్ బదులు వాడేది. మూడు రకాల డెస్క్‌టాప్‌లు, అంటే తెర మీది అమరికలు, వేశాను. ఒక్కోటీ పెట్టి చూడు. నీ ముసలిదానికి ఏది తేలికో అది ఉంచుకో."

"మూడెందుకురా? మంచిదేదో నువ్వే చెప్పి చావొచ్చుగా!"

"కాపురం చేసేది నువ్వు. నేనెలా చెప్తాను?"

బైండరుకు కావలసింది డెస్క్‌టాప్ కాదు, షాపు పక్క ఖాళీ జాగా. కాగితం కోసే మిషను వచ్చాక కూర్చునే చోటు లేక నిలబడే పుస్తకాలు కుడుతున్నాడు. ఆ జాగా ఎందుకు కావాలో శుక్రవారం సాయంత్రం ఐదులోగా టైపు చేసి మెయిలు పెట్టినవాళ్ళలో ఒకరికి ఇస్తానంది ఓనరమ్మ. చేతిరాత ముట్టనంది. పక్క షాపు టైలరు కూడా కన్నేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం పెన్‌డ్రైవ్ గుచ్చితే మూడు పేర్లు కనిపించాయి. మొదట 'మాటే' అనేది పెట్టాడు. 'ట్రై' చేస్తావా, 'ఇన్‌స్టాల్' చేస్తావా అని అడిగింది. చూడమన్నాడు కదా అని ట్రై నొక్కాడు. రెండు వేళ్ళతో రెండు గంటలు ఉత్తరం కొట్టి దాచాడు. మెయిలు తెరవబోతే చక్రం తిరుగుతూనే ఉంది.

"ఇది బరువేమోనే."

"తేలికది పెట్టి పంపండి. ఉత్తరం ఎక్కడికి పోతుంది, పెట్టెలోనేగా ఉంది?" అంది భార్య.

సబబుగానే తోచింది. ఆపేసి రెండోది, ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టాడు. బొమ్మలన్నీ చోటు మారాయి. ఉత్తరం లేదు. మూడోది, ఎల్‌ఎక్స్‌క్యూటీ పెట్టాడు. మెయిలు చటుక్కున తెరుచుకుంది, ఉత్తరం మాత్రం లేదు. మళ్ళీ మాటేకి వెళ్ళాడు. అక్కడా లేదు! పెట్టినచోటే లేనిదాన్ని ఇంకెక్కడ వెతకాలి? భార్య బల్ల కింద కూడా తొంగిచూసింది, ఎందుకో ఆమెకే తెలియదు.

నాలుగుంపావుకు బావమరిదికి ఫోను చేశాడు.

"ఇన్‌స్టాల్ చేశావా బావా, ట్రై చేశావా?"

"చూడమన్నావు, చూశాను!"

"ట్రైలో దాచింది ఆపేస్తే చెరిగిపోతుంది. నీళ్ళ మీద రాతే అది."

"నాకెవడు చెప్పాడురా?"

"ఇదెవరైనా చెప్తారా? అందరికీ తెలిసిందే!"

"ఆ అందరిలో నేను లేను కాబోలు."

ఎల్‌ఎక్స్‌క్యూటీలో మళ్ళీ కూర్చున్నాడు. మొదట రాసిన మంచి మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. "కూర్చోవడానికి చోటు కావాలి" అని మొదలుపెట్టి ఎనిమిది లైన్లు లాగాడు. పంపేసరికి ఐదు దాటి ఆరు నిమిషాలు.

ఓనరమ్మ జవాబు వెంటనే వచ్చింది. ఐదులోగా ఒక్క మెయిలే అందిందట, టైలరుది.

నోటి దగ్గరి కూడు జారిపోయింది. ఏ డెస్క్‌టాప్ మంచిదో బైండరుకు ఇప్పటికీ తేలలేదు. పోయిన జాగా మాత్రం పదమూడడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. యాభై ఎనిమిదిన్నర చదరపు అడుగులు.