మిరియపు పూతరేకు

వైశాఖమాసపు ప్రాతఃకాలమున గౌతమీనదీజలశీకరములను మోసికొని వచ్చు చల్లగాలి కొబ్బరితోపులను గదలించి లంకలయందలి మామిడిపండ్ల పరిమళమును మూటగట్టుకొని యూరిలోనికి బ్రవేశించుచుండెను. పెండ్లిండ్ల కాలమగుటచే నింటింట బోర్లించిన కుండలక్రింద కొబ్బరిమట్టలు మండుచుండగా బియ్యపుబాలలో ముంచిన గుడ్డను కుండవీపున నొక్కమాఱు పఱచి లాగినంతనే యుల్లిపొరకంటె బలుచనగు రేకులు లేచుచుండెను.

ఆ యూర రేకుతీయుటయందు వరహాలమ్మకు సాటివచ్చువారు లేరు. నలువదియేండ్లు దాటిన యా యమ్మకు నొక నియమము గలదు. తాను జేసిన పూతరేకును తాను రుచిచూడదు. ఊరివా రది మడియని భ్రమించిరి గాని కారణము వేఱు. ఆమె మేనబావ పెద్దిరాజు చిన్ననాట నిత్యము దగ్గుతో బాధపడువాడగుటచే నామె చుట్టిన బెల్లపురేకుపై మిరియపుపొడి చల్లించుకొని నోటబెట్టకమున్నే దానిని సగముగా ద్రుంచి యొకసగము తాను తిని రెండవసగ మరటియాకున జుట్టి "వరాలూ! ఇది నీది" యని యిచ్చుచుండెను. వా రిరువురకు బెండ్లియగునని యూరెల్ల నెఱుగును. అంతలో పెద్దలకు పొలముగట్టు తగవు పుట్టినది. గట్టు జానెడు, పంతము తాడెత్తు. పెద్దిరాజు తండ్రిమాట కాదనలేక యేటి యావలియొడ్డు కన్యను బెండ్లాడి యచటనే కాపురముండెను. వరహాలమ్మ వచ్చిన సంబంధములనెల్ల నేదో నెపమున ద్రోసిపుచ్చి కుండయెదుట నిరువదినాలుగేండ్లు గడపెను. అరటియాకు రాకమానిన నాటినుండి యామె నాలుకకు బూతరేకు సోకలేదు. అతడు తన్ను దలచునో మఱచెనో యను నొక్కప్రశ్నయే యామె గుండెలో నాఱని కుంపటియై యుండెను.

ఆ యుదయమున నిద్దఱు స్త్రీలు పెండ్లివిందునకు బూతరేకుల రకము లెంచుకొనుటకై యామె యింటికి వచ్చిరి. ఒకతె పెండ్లికూతురు సుభద్ర. వేఱొకతె యామె పినతల్లి మంగాయమ్మ, నోటిధాటికి నాలుగూళ్ల బేరుపొందిన యిల్లాలు. కుశలప్రశ్నల నడుమ సుభద్ర తాను పెద్దిరాజు కూతురనని చెప్పినంతనే వరహాలమ్మ చేతిలోని గుడ్డ కుండపై నిలిచిపోయి రేకు మాడెను.

"నాయనగారు రాలేదా యమ్మా?" యని యామె పొయ్యివైపు మొగముంచి యడిగెను.

"రేవున బడవలో గూర్చున్నారత్తా. ఎంత పిలిచినను దిగరు. ఈ యూరి పూతరేకులే కావలెనని పట్టుబట్టినవారును దామే!" యని సుభద్ర నవ్వెను.

వరహాలమ్మ పంచదారవి కొన్నియు బెల్లపువి కొన్నియు జుట్టి పళ్లెమున బెట్టెను. చేతులు పళ్లెమునొద్దను మనసు రేవునొద్దను నుండుటచే నామె వ్రేళ్లు పూర్వాభ్యాసవశమున, చారునకై దంచియుంచిన మిరియపుపొడిని దీసి బెల్లపురేకులపై జల్లినవి. ఆమె యది గమనింపనేలేదు.

మంగాయమ్మ యొకటి కొఱికి కన్నుల నీరు దెచ్చుకొని "ఇదేమి చోద్యము తల్లీ! శుభమా యని పెండ్లి చేసికొనుచుండ వియ్యాలవారి నోళ్లు మండింతువా? లెమ్ము సుభద్రా, వేఱొక యింట జూతము" అని లేచెను.

వరహాలమ్మకు సిగ్గుచే బ్రాణము చచ్చినట్లయ్యెను. ఆమె పళ్లెము దీయబోవ సుభద్ర యడ్డుపడి యా బెల్లపురేకునే నోట వేసికొని కన్నులు విప్పార్చి "పిన్నీ! ఇది మా నాయనగారి పూతరేకు గదా!" యనెను. పిదప వరహాలమ్మవైపు దిరిగి "మా యింట నెవరు తీపి పెట్టినను మిరియపుపొడి చల్లుకొనక నాయనగారు ముట్టరత్తా. దగ్గు మాని యేండ్లు గడచినవి, ఈ పిచ్చి మానలేదని యమ్మ వేళాకోళము చేయును. ఇట్లు వేఱొకరు చేయుట నే నెన్నడు జూడలేదు" అని పలికెను.

ఇరువదినాలుగేండ్ల ప్రశ్నకు పదునాఱేండ్ల పిల్ల నవ్వుచు నవ్వుచు సమాధానము చెప్పినది. వరహాలమ్మ యొక రేకును శ్రద్ధగా జుట్టి మిరియపుపొడి యీసారి తెలిసియే చల్లి యరటియాకున బెట్టి "మీ నాయనగారికి రుచి చూపి రమ్ము తల్లీ" యని సుభద్రచేతి కిచ్చెను. ఆ పిల్ల తిరిగివచ్చువఱకు మంగాయమ్మ బెల్లమువద్దని పంచదారవద్దకు, పంచదారవద్దని జీడిపప్పువద్దకు నూఱు బేరము లాడెను గాని వరహాలమ్మ కొక్కటియు వినబడలేదు.

సుభద్ర రొప్పుచు వచ్చెను. చేతిలో నదే యాకు.

"అత్తా, విందునకు బంచదారవి చేయవలెనట. నాయనగారికి మాత్రము మిరియపువి వేఱుగా నొక డబ్బాలో బెట్టవలెనట. ఇదియేమో చాలసేపు చూచుచు గూర్చుండి సగము ద్రుంచి తిని, తక్కినది చేసినవారిదని చెప్పి యిమ్మనిరి. ఇదెక్కడి మర్యాదయో నాకు దెలియలేదు."

వారు వెడలిన పిదప వరహాలమ్మ పెరటిగుమ్మమున గూర్చుండి యాకు విప్పెను. పంటిగాటు లేని సగము. లోకమున గొందఱికి నిండుపండు దొరకును, కొందఱికి సగమే దక్కును. ఆ సగము తనకొఱకే ద్రుంచబడినదని యెఱుగుట మాత్ర మందఱికి బ్రాప్తింపదు. రేవున బడవ కదలిన చప్పు డయ్యెను. ఆమె యా తునుకను నోట నుంచుకొనెను. తీపి ముందు దగిలెను, ఘాటు పిదప వచ్చెను. కన్నుల నీరు దేనివలన వచ్చెనో యామె తేల్చుకొనలేదు.